అరక్షణపు అద్భుతాలు

1959వ సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో ఒక పెద్దమనిషి అలిగాడు. అలిగినవాడు సామాన్యుడు కాడు. సోవియట్ ప్రధాని నికితా క్రుశ్చేవ్. ఆ నెలలోనే ఆయన దేశం ప్రయోగించిన నౌక చంద్రమండలాన్ని తాకింది. లోకమంతా ఆ ఘనతను చెప్పుకొంటున్న రోజులవి. అంతటివానికీ అమెరికా గడ్డమీద ఒక చిన్న కోరిక తీరలేదు. ఆ నగరానికి చేరువలో పిల్లలకోసం, పెద్దలకోసం నిర్మించిన ఒక వినోదవనాన్ని చూడాలని ఆయన ముచ్చటపడ్డాడు. అక్కడి జనసమ్మర్దంలో ఆయన రక్షణకు పూచీపడలేమని అధికారులు చెప్పారు. సినిమా ప్రముఖులు తన గౌరవార్థం ఏర్పాటుచేసిన విందులోనే ఆయన ఆ మాట ఎత్తి నలుగురి యెదుటా నిష్ఠూరమాడాడు. రెండేళ్ళు గడిచాయి. 1961 నవంబరులో భారత ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ కుమార్తె ఇందిరతో కలిసి అదే వనానికి వెళ్ళినప్పుడు, దానిని నిర్మించిన వాల్ట్ డిస్నీ స్వయంగా వెంట ఉండి చూపించాడు. ఒక దేశాధినేత చూడలేక అలిగినదీ, మరొక దేశాధినేత తీరిక చేసుకొని చూచినదీ అయిన ఆ వనమే డిస్నీలాండ్.

ఇంతకూ అక్కడ ఏమున్నది? చూచి వచ్చినవారిని అడిగితే మొదట పెద్ద పెద్ద యంత్రాల సంగతే చెబుతారు. కొండమీదినుంచి ఒక్క ఉరుకున దిగే బండ్లు, నీటిలోకి దూకే పడవలు, ఆకాశంలో విరిసే బాణసంచా వర్ణించిన తరువాత గాని వారి ఊపిరి నిలవదు. కాని మాటలు సాగి మనస్సు కుదుటపడిన కొద్దీ వేరే సంగతులు మెల్లగా పైకి వస్తాయి. చీకటిలో ఒక్కమారు మినుకుమని మాయమైన మిణుగురు పురుగు, రైలు స్టేషనులో యెవరూ లేని గదిలోనుంచి వినవచ్చిన టకటక శబ్దం, వీధి ఊడ్చే మనిషి నేలమీద గీసిన బొమ్మ, ఒక మేడ కిటికీలో ఆరని దీపం. టిక్కెట్టుమీద వీటి పేర్లు ఉండవు. వీటికోసం యెవరూ బారులు తీరరు. అయినా పదేళ్ళ తరువాత జ్ఞాపకంలో మిగిలేవి తరచు ఇవే. పెద్ద యంత్రం దేహాన్ని కుదిపి వదలిపెడుతుంది. చిన్న క్షణం మాత్రం యెక్కడో లోపల చోటుచేసుకొని కూర్చుంటుంది. అటువంటి క్షణం ఎట్లా పుడుతుంది, దాన్ని పుట్టించేది యెవరు అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

బల్లమీద కూర్చున్న తండ్రి

డిస్నీలాండ్ కథ ఒక రంగులరాట్నం దగ్గర మొదలైనదని చెబుతారు. లాస్ ఏంజెలెస్ నగరంలో గ్రిఫిత్ పార్కు అని ఒక పెద్ద ఉద్యానవనం ఉన్నది. సెలవు రోజులలో వాల్ట్ డిస్నీ తన యిద్దరు కుమార్తెలను అక్కడికి తీసుకొనిపోయేవాడు. పిల్లలు కొయ్యగుర్రాలమీద గిరగిర తిరుగుతూ ఉంటే తండ్రి ఒక బల్లమీద కూర్చుని వేరుశనగపప్పులు నములుతూ కాలం గడిపేవాడు. పిల్లలకు ఆట, పెద్దలకు కాపలా. ఉభయులూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకు ఉండరాదన్న ఆలోచన ఆ బల్లమీదనే కలిగిందని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. మన ఊళ్ళ తిరునాళ్ళలో బిడ్డను రాట్నం ఎక్కించి కింద నిలబడి, అది తమ ముందుకు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపే తలిదండ్రులకు ఆ బల్లమీది మనిషి మనస్సు తెలియనిది కాదు.

ఆనహైమ్ అనే వూళ్ళో 160 ఎకరాల నారింజతోటలు కొని, ఒక్క ఏడాదిలో, ఒక కోటీ డెబ్బై లక్షల డాలర్ల వ్యయంతో డిస్నీ తన వనాన్ని నిలబెట్టాడు. 1955 జులై 17వ తేదీ ఆదివారంనాడు దాని ప్రారంభోత్సవం. ఆనాడు అక్కడ అద్భుతం లేదు సరిగదా, అవస్థ మిక్కుటంగా ఉన్నది. దొంగ టిక్కెట్లతో వేలాదిమంది లోపలికి వచ్చారు. ఎండ మండిపోతున్నది. అంతకుముందే పోసిన తారు ఇంకా గట్టిపడక, స్త్రీల పాదరక్షల మడమలు అందులో దిగబడ్డాయి. కుళాయిల పనివారి సమ్మె మూలంగా మరుగుదొడ్లు సిద్ధం చేయడమో, మంచినీటి కుళాయిలు సిద్ధం చేయడమో ఏదో ఒకటే సాధ్యమైంది. డిస్నీ మరుగుదొడ్లనే యెంచుకొన్నాడు. జనం దాహంతో అలమటించి తిట్టుకొన్నారు. కోట అక్కడనే ఉన్నది, రాట్నం అక్కడనే ఉన్నది, డబ్బంతా వెచ్చించడం అయినది. కాని నోరెండిన మనిషికి కోట కనబడదు. ఆ దినాన్ని ఆ సంస్థవారే తరువాత ‘నల్ల ఆదివారం’ అని పిలుచుకొన్నారు.

అయినా రెండు నెలలు తిరగకుండానే పదిలక్షల మంది ఆ వనాన్ని దర్శించారు. నడుమ జరిగినది ఏమంటే, ఒక్కొక్క లోపాన్నే వెదకి సరిదిద్దుకొన్నారు. అద్భుతానికి కావలసిన మొదటి సామగ్రి గ్లాసెడు మంచినీళ్ళు అన్న సత్యం మొదటి రోజుననే వారికి బోధపడింది.

దాచిన శ్రమ

డిస్నీలాండ్ చుట్టూ ఎత్తయిన మట్టికట్ట ఒకటి ఉన్నది. దానిమీద పొగబండి తిరుగుతూ ఉంటుంది. ఆ కట్ట మూలంగా లోపలివారికి బయటి రహదారులు, విద్యుత్ స్తంభాలు కనబడవు. లోపలికి పోవడానికి రైలుమార్గం కింద రెండు సొరంగాలు ఉన్నవి. వెలుగులోనుంచి కొద్ది అడుగుల చీకటిలోకి, మళ్ళీ వెలుగులోకి. అంతే, కాని ఆ నాలుగడుగుల చీకటి నాటకశాలలో తెర లేచేముందు దీపాలార్పడం వంటిది. నడిచేవారికి అది తెలియదు. బయట వదలి వచ్చిన ఊరు ఏమైపోయిందో వారికి గుర్తు ఉండదు.

సొరంగం దాటితే వందేళ్ళనాటి అమెరికా పల్లెపట్టణపు వీధి. గుర్రపుబండి, పాతకాలపు దీపస్తంభాలు, చిన్న చిన్న దుకాణాలు. ఆ మేడల పై అంతస్తులు కింది అంతస్తులకంటె చిన్న ప్రమాణంలో కట్టినవి. అందువల్ల మేడలు ఉన్నదానికంటె ఎత్తుగా, అయినా పిల్లలను భయపెట్టనంత మెత్తగా కనబడతాయి. వీధి చివర నిలిచిన కోట ఎత్తు 77 అడుగులు మాత్రమే. కింద పెద్ద రాళ్ళు, పైకి పోయిన కొద్దీ చిన్న రాళ్ళు కనబడేట్లు గోడలు తీర్చడంవల్ల అది గగనాన్ని అంటినట్లు తోస్తుంది. చూచేవాడు ఈ లెక్కలేవీ వేయడు. తల యెత్తి నిలిచిపోతాడు, అంతే.

రంగులరాట్నం సంగతి మరింత రుచికరమైనది. 1922లో తయారైన పాత రాట్నాన్ని కొని తెచ్చినప్పుడు అందులో కదలకుండా నిలబడిన జంతువులు కూడా ఉండేవి. వాటిని తీసివేయించి అన్నిటినీ ఎగిరే గుర్రాలే చేయించాడు డిస్నీ. కదలని గుర్రం తన వంతుకు వచ్చిన పిల్లవాడు ఏమనుకొంటాడన్నదే ఆయన విచారం. కొంతకాలానికి మరొక చిక్కు కనిపించింది. పిల్లలందరూ తెల్లగుర్రమే కావాలంటారు! 1975లో గుర్రాలన్నిటికీ తెల్లరంగు వేశారు. ఆనాటినుంచీ ఏ పిల్లవాడు ఏ గుర్రం ఎక్కినా తాను కోరినదే తనకు దొరికిందని మురిసిపోతాడు. ఆ మురిపెం వెనుక ఇంత ఆలోచన ఉన్నదని వాడు యెరుగడు, యెరుగనవసరమూ లేదు.

అక్కడి రైలు స్టేషనులలో ఒకదాని దగ్గర తంతి యంత్రం సవ్వడి నిరంతరం వినబడుతూ ఉంటుంది. వేచి ఉన్న ప్రయాణికులలో నూటికి తొంబదితొమ్మిదిమందికి అది వట్టి టకటక. పాతకాలపు తంతిలిపి తెలిసినవాడు యెవడైనా చెవి ఒగ్గితే ప్రారంభోత్సవంనాడు డిస్నీ చేసిన ప్రసంగంలోని తొలి మాటలు అందులో వినబడతాయి. ఎప్పుడో వచ్చే ఆ ఒక్కనికోసం, లేదా యెన్నడూ రాకపోయినా సరే, ఆ శబ్దాన్ని అర్థవంతంగా ఉంచినారు. పూర్వం దేవాలయ శిల్పి యెవరికీ కనబడని మూల కూడా శ్రద్ధగా చెక్కినట్లు.

1967లో ప్రారంభమైన సముద్రపు దొంగల పడవయాత్రలో మొదటి ఘట్టం మరీ నిరాడంబరమైనది. ఫిరంగులూ తగలబడే పట్టణమూ అన్నీ తరువాత వస్తాయి. మొదట పడవ చీకటి కయ్యలో మెల్లగా కదులుతుంది. బయట మిట్టమధ్యాహ్నమైనా అక్కడ ఎల్లప్పుడూ రాత్రే. ఒక గుడిసె వసారాలో ముసలివాడు ఊగుడుకుర్చీలో ఊగుతూ ఉంటాడు. పొదలమీద మిణుగురులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. అవి చిన్న విద్యుద్దీపాలని పడవలోని పెద్దవారందరికీ తెలుసు. అయినా ఆ నిమిషంలో పడవలో మాటలు వాటంతటవే తగ్గిపోతాయి.

భరతుడు చెప్పిన ఉపవనం

తెలిసి కూడా మనిషి ఎందుకు మైమరచిపోతాడు? దీనికి సమాధానం కోసం పాశ్చాత్య మనస్తత్వశాస్త్రాల దాకా పోనక్కరలేదు. నాట్యశాస్త్రంలో భరతుడు అద్భుతరసానికి విస్మయం స్థాయీభావమని చెప్పి, ఆ రసాన్ని పుట్టించే విభావాలను లెక్కించాడు. దివ్యులను దర్శించడం, కోరిన కోరిక నెరవేరడం, విమానం, మాయ, ఇంద్రజాలం వాటిలో ఉన్నవి. వీటి సరసన ఉపవనానికీ దేవాలయానికీ వెళ్ళడం కూడా చేరి ఉన్నది. కన్నులు విప్పారడం, రెప్పవేయక చూడడం, ఒడలు గగుర్పొడవడం, ఆనందబాష్పాలు రావడం అనుభావాలు. తెల్లగుర్రం దొరికిన పిల్లవానిని చూచినవారికి ఈ పట్టిక ఎంత నిజమైనదో వేరే చెప్పనక్కరలేదు.

భరతుని వ్యాఖ్యానించిన అభినవగుప్తుడు మరొక అడుగు ముందుకు వేశాడు. రసానుభవానికి అడ్డుతగిలే విఘ్నాలను ఆయన ఏడింటిని పేర్కొన్నాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం వాటిలో ఒకటి. ఇంటి బాధలు మోసుకొనివచ్చి కూర్చున్నవానికి నాటకం అందదు. గానమూ, వాద్యమూ, అలంకరించిన రంగమండపమూ ఆ విఘ్నాన్ని తొలగించడానికే అని ఆయన వివరణ. ఈ దృష్టితో చూస్తే మట్టికట్ట, సొరంగం, శుభ్రమైన వీధి, అడుగడుగునా మంచినీళ్ళు అద్భుతాలు కావు. అద్భుతానికి అడ్డుతొలగించే ఉపకరణాలు. ‘నల్ల ఆదివారం’నాడు లోపించినవి అవే. విఘ్నాలు తొలగిన మనస్సుకు ఒక మిణుగురు చాలు. తొలగని మనస్సుకు కోట కూడా చాలదు.

ఈ రహస్యం ఒక్క డిస్నీకే తెలిసినదని అనుకోరాదు. డిస్నీలాండ్‌కు నూరేళ్ళకు పైగా పూర్వమే, 1843 ఆగస్టు 15వ తేదీన, డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో టివోలీ వినోదవనం వెలసింది. డిస్నీ తన వనాన్ని తలపెట్టక ముందు దానిని చూచి ముగ్ధుడైనాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనలు ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు రాత్రిపూట ఊరంతా చీకటి పాటించవలసి వచ్చింది. దీపాలు లేనిదే టివోలీ లేదు. అప్పుడు పౌల్ హెన్నింగ్సన్ అనే శిల్పి, కాంతి కిందికే ప్రసరించి ఆకాశంలోని విమానాలకు కనబడని దీపాన్ని రూపొందించాడు. పరాధీనమైన నగరంలో ప్రజలు అర్ధరాత్రి దాకా ఆ వెలుగులో తిరగగలిగారు. ఆనాడు ఒక దీపం కింద నాలుగడుగులు నడవడం వారికి ఎంతటి భాగ్యమో ఊహించవచ్చును.

హాలెండులో ఎఫ్టెలింగ్ అనే వనం ఉన్నది. ఆంటన్ పీక్ అనే చిత్రకారుని ఊహననుసరించి 1952లో అక్కడ కథల అడవి ఒకటి తయారైంది. అందులో కాగితాలు తినే బొజ్జవాని బొమ్మలు ఉన్నవి. నోరు తెరచుకొని ‘కాగితం ఇక్కడ’ అని పిలుస్తాయి. చెత్త కాగితం చూపితే లోపలికి లాగుకొని కృతజ్ఞత చెబుతాయి. ఫలితం ఏమంటే, పిల్లలు చెత్త పారవేయకపోవడమే కాదు, దారిపొడుగునా చెత్తకోసం వెదకుతారు! శుభ్రతను గురించి నూరు ఉపన్యాసాలు చేయలేని పనిని ఒక చెత్తబుట్ట చేసింది. ఉపాధ్యాయులు గమనించదగిన విషయం ఇది.

అమెరికా వెలుపల మొదటి డిస్నీలాండ్ 1983 ఏప్రిల్ 15వ తేదీన జపానులోని టోక్యో దగ్గర ప్రారంభమైంది. అక్కడ వీధులు ఊడ్చేవారు అప్పుడప్పుడు చీపురును నీటిలో ముంచి నేలమీద మిక్కీ మూషికం మొదలైన బొమ్మలు గీస్తారు. దారినపోయేవారు ఆగుతారు. పిల్లలు చుట్టూ మూగుతారు. కొద్ది నిమిషాలలో ఎండకు ఆ బొమ్మ ఆవిరైపోతుంది. దాన్ని కొనడానికి లేదు, మళ్ళీ రేపు వచ్చి చూద్దామనడానికి లేదు. ఆ వేళకు అక్కడ ఉన్నవానిదే ఆ భాగ్యం. అందరికంటె తక్కువగా గమనించబడే పనివాని చేతిలోనుంచి అది పుట్టడం మరింత ముచ్చటగొలిపే సంగతి.

నేటి విఘ్నాలు

ఇదంతా వ్యాపారం గదా, నవ్వుకు కూడా తర్ఫీదు ఇచ్చిన చోట అద్భుతమేమిటని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. అక్కడి ఉద్యోగులను పాత్రధారులని పిలుస్తారు. ఎలుగుబంటి వేషం లోపల చెమటలు కక్కుతున్న కూలిమనిషి ఉన్నాడన్నది మరువరానిది. 1955లో పెద్దలకు ప్రవేశరుసుము ఒక డాలరు. ఆటలకు వేరే టిక్కెట్లు. నేడు ఒక్కరోజు ప్రవేశానికి నూరు డాలర్లకు పైబడినదే ఎక్కువ. 1999లో బారులో నిలబడే బాధ తప్పించడానికి ఉచితంగా ప్రవేశపెట్టిన సదుపాయం స్థానంలో 2021లో డబ్బు చెల్లించవలసిన పద్ధతి వచ్చింది. డబ్బున్నవాడు ముందు, లేనివాడు వెనుక అన్న లోకనీతి మట్టికట్టను దాటి లోపలికి వచ్చిందన్నమాట. కదలని గుర్రం ఏ పిల్లవానికీ రాకూడదన్న ఆనాటి తలపుకూ దీనికీ ఎంతో అంతరం ఉన్నది.

ఇంతకన్న సూక్ష్మమైన హాని మరొకటి ఉన్నది. నేటి సందర్శకుడు చేతిలో సెల్‌ఫోనుతో లోపలికి వస్తాడు. ఏ ఆటకు ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కవేస్తూ, చూడవలసినదాన్ని చిత్రం తీస్తూ, తీసినదాన్ని పంపుతూ దినం గడుపుతాడు. పెట్టిన సొమ్ముకు ఎన్ని యంత్రాలు ఎక్కితే గిట్టుబాటు అవుతుందన్నదే అతని చింత. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. బయటి ఊరును మట్టికట్ట ఆపగలిగింది గాని, జేబులో కూర్చుని వచ్చే ఊరును ఆపలేకపోయింది. నేలమీది నీటిబొమ్మ అతని కాళ్ళకింద ఆరిపోతుంది.

తెలుగునాట విద్యార్థుల విహారయాత్రలకు వ్యాప్తిలోకి వచ్చిన చోటు హైదరాబాదు సమీపాన 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ. అక్కడ ప్రయాణికులు ఎక్కని రైల్వేస్టేషను ఉన్నది. విమానాలు దిగని విమానాశ్రయం ఉన్నది. తెరమీద నిజమని కన్నీళ్ళు కార్పించిన చోటు అట్టముక్కా కొయ్యా సున్నమూ అని కళ్ళారా చూచిన పిల్లవాని మనస్సులో ఒక వింత కదలిక కలుగుతుంది. నిజమేది, కల్పన ఏది, కల్పన అని తెలిసీ ఎందుకు ఏడ్చాను అన్న ప్రశ్న అది. సాహిత్యపాఠం మొదలు కావలసినది అక్కడే. కాని ఆ ప్రశ్న మొలకెత్తే లోపలే ఈల మోగుతుంది, వరుసలో నిలబడమంటారు, పట్టికలోని తరువాతి అంశానికి బస్సు కదులుతుంది. మరునాడు తరగతిలో ‘నేను చేసిన విహారయాత్ర’ అని వ్యాసం వ్రాయమంటే నలభైమందీ అవే పేర్లను అదే వరుసలో వ్రాస్తారు.

పట్టికలోనుంచి రెండు అంశాలను కొట్టివేసి ఒక అరగంట సేపు పిల్లలను ఒకచోట ఊరక కూర్చోనిచ్చే ఉపాధ్యాయుడు వారికి అన్యాయం చేసినవాడు కాడు. ఏమేమి చూచారని అడగడానికి బదులు, ఇతరులెవరూ చూడనిది, నీ కంట పడినది ఏదని అడిగితే నలభై వేర్వేరు వ్యాసాలు వస్తాయి. ఒకరు గోడవెనుక నీడన నిద్రపోతున్న పనివానిని గురించి వ్రాస్తారు. మరొకరు రంగు వెలిసిన బొమ్మగుర్రపు చెవిని గురించి. ఆ వ్యాసాలలో తప్పులు ఉండవచ్చు గాని కళ్ళు కూడా ఉంటాయి. ఇందుకు రుసుము లేదు. డిస్నీలాండ్ దాకా పోలేని పిల్లలకు వూరి తిరునాళ్ళ రాట్నం దగ్గరనైనా ఈ విద్య అలవడుతుంది. ఆ విద్య లేనివారిని డిస్నీలాండ్‌కు పంపినా ప్రయోజనం లేదు.

డిస్నీలాండ్ ప్రధాన వీధిలో, ప్రవేశించిన కొద్ది దూరంలోనే, అగ్నిమాపకశాల రూపంలో ఒక చిన్న మేడ ఉన్నది. దానిపైన డిస్నీ దంపతులు వచ్చినప్పుడు బసచేసే చిన్న ఇల్లు. ఆయన లోపల ఉన్నాడనడానికి గుర్తుగా కిటికీలో ఒక దీపం వెలిగేది. 1966 డిసెంబరు 15వ తేదీన ఆయన కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకార్థం ఆ దీపాన్ని నేటికీ వెలిగించే ఉంచారు. దినానికి వేలాదిమంది ఆ కిటికీ కిందుగా, ముందు కనబడే కోటవైపు వడివడిగా నడిచిపోతారు. వారిలో తల యెత్తి ఆ దీపాన్ని చూచేవారు కొద్దిమందే.